మెల్లగ పాడుండ్రి, లోపట బాలింత పండుకున్నది

పోయిన వారం దేవసహాయాన్ని దవాఖానా వరండాలో, గోడకు ఆనుకుని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. వారం పాటు ఆ మనిషిని అలా కూర్చోబెట్టినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు ఉంటారు. తిట్టుకోండి. ఈ వారం లేపి ఇంటికి తీసుకొస్తున్నాను. ఇంటికొచ్చి అతను సుఖపడేదేమీ లేదని కూడా ముందే చెప్పేస్తున్నాను.

ఇప్పుడే కథలో అడుగుపెట్టిన వారి కోసం రెండు ముక్కలు. దేవసహాయం మెదక్ వైపు క్రైస్తవుల పిల్లవాడు, నాచారంలో కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను నడిపే టర్నరు. అంబర్‌పేటలో కుట్టుమిషను తొక్కి బతికే రాజేశ్వరమ్మకు తారామణి ఒక్కతే కూతురు. ఇద్దరూ ఇష్టపడ్డారు. తారామణి బాప్తిస్మం తీసుకుని చర్చిలో పెళ్ళి చేసుకుంది. ఆ రోజు రాజేశ్వరమ్మ తలుపు మూసింది, "నీ గడప తొక్కితె ఒట్టు" అంది, రెండేళ్ళు తొక్కలేదు. తారామణికి నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది. పిల్ల బతికింది, తల్లికి నెత్తురు ఆగలేదు. తెల్లవారుజామున తారామణి మొగుడి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"మా అమ్మకు నువ్వే చెప్పు. నీ నోటితోనే చెప్పాలె. ఇంకెవరన్న చెప్తె మా అమ్మ తట్టుకోదు."

చెప్తానని దేవసహాయం మాట ఇచ్చాడు. ఇప్పుడు అతని దగ్గర మిగిలినవి ఆ మాట ఒకటి, చేతిలో పట్టేంత ఆడపిల్ల ఒకటి. ఆ పిల్లను పెంచడానికి అతనికి తల్లి లేదు, అక్కచెల్లెళ్ళు లేరు. అత్తగారు కనికరిస్తే పిల్లకు ఒక ఒడి ఉంటుంది, లేకపోతే లేదు. అందుకే ఆ కబురు ఎలా చెప్పాలో దవాఖానా నుంచి ఇల్లు చేరేదాకా నోట్లోనే మాటలు మార్చి మార్చి చూసుకుంటూ వచ్చాడు.

ఈలోగా చర్చి సంఘపెద్ద ప్రకాశరావుగారు ఆ పని చేసేశారు.

ప్రకాశరావుగారు బందరు వైపు మనిషి, హెడ్‌మాస్టరుగా చేసి రిటైరై కొడుకు ఉద్యోగం కోసం ఇటు వచ్చారు. మనిషి మంచివాడు. ఎవరింట్లో జ్వరం వచ్చినా ముందు ఆయన గొడుగే కనిపిస్తుంది. కాకపోతే ఒక పట్టుదల ఉంది. సంఘంలో ఎవరు పోయినా సరే, "చచ్చిపోయారు" అన్న మాట ఆయన ముందు పలకకూడదు. విశ్వాసులు చచ్చిపోరు, ప్రభువునందు నిద్రిస్తారు. ఏడుస్తున్న వాళ్ళ నోట ఆ మాట వచ్చినా ఆగి, పిల్లవాడి డిక్టేషన్లో తప్పు దిద్దినట్టు దిద్దేవారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు కూడా ఆయనమీది గౌరవంతో మాట మార్చుకునేవారు.

పొద్దున్నే దవాఖానా నుంచి కబురు అందగానే ఆయన ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళి, వాచ్‌మన్‌ను బతిమాలి, అంబర్‌పేటలో సీతారామయ్య కిరాణా దుకాణానికి ఫోను చేశారు. రాజేశ్వరమ్మ ఇంటికి ఆ దుకాణం నాలుగిళ్ళ అవతల.

"రాజేశ్వరమ్మగారితో చెప్పండి. వాళ్ళ అమ్మాయి తారామణి ప్రభువునందు నిద్రించింది. వెంటనే నాచారం రమ్మనండి."

అటువైపు దుకాణం పక్కనే పిండిగిర్ని నడుస్తోంది. సీతారామయ్య "ఏందీ? ఏందీ?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన రెండుసార్లూ అదే వాక్యం, అంతే స్పష్టంగా, హెడ్‌మాస్టరు గొంతుతో చెప్పారు.

సీతారామయ్యను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ప్రభువునందు నిద్రించడం అనే ముక్క ఆయన పుట్టి బుద్ధెరిగి వినలేదు. రాజేశ్వరమ్మ బిడ్డకు నెలలు నిండాయని మాత్రం వీధంతా తెలుసు. గిర్ని చప్పుడులో ప్రభువు ప్రసవమై చెవిలో పడ్డాడు. ప్రసవమైంది, నిద్రపోతోంది, తల్లిని రమ్మంటున్నారు. ఇందులో అర్థం కానిదేముంది? ఆయన గల్లా పెట్టె వదిలి స్వయంగా నడిచి వెళ్ళి చెప్పాడు. చెప్పేటప్పుడు, శుభవార్తకు మనమందరం తగిలించే తోక ఒకటి తనూ తగిలించాడు.

"తల్లీబిడ్డ ఇద్దరు మంచిగున్నరంట రాజేశ్వరమ్మా. పండుకున్నదంట. జల్ది పో."

రాజేశ్వరమ్మ కుడుతున్న జాకెట్టును మిషను మీదే వదిలేసింది.

*

దేవసహాయం ఇంటి ముందు చర్చి నుంచి తెచ్చిన బెంచీలు వేశారు. తెల్లచీరల ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. మధ్య గదిలో తలుపు దగ్గరగా వేసి, పక్కింటి మార్తమ్మ, ఇంకో ఇద్దరు కలిసి తారామణికి స్నానం చేయిస్తున్నారు. పెట్టె కోసం మనుషులు వడ్రంగి దుకాణానికి వెళ్ళారు. సాయంత్రం ఎండ తగ్గాక భూస్థాపన.

"నాయనా, అంబర్‌పేటకు కబురు పంపాను," అన్నారు ప్రకాశరావుగారు, దేవసహాయం భుజం మీద చెయ్యి వేసి.

అతను తల ఎత్తాడు. "ఏం చెప్పిన్రు సార్?"

"నిద్రించిందని చెప్పాను. ఫోను చేశాను. వస్తారు."

దేవసహాయానికి మొదట కోపం వచ్చింది. నా నోటితో చెప్తానన్నాను కదా, మీరెవరు చెప్పడానికి అని అడగబోయాడు. ఆ వెంటనే లోపల ఎక్కడో బరువు దిగినట్టయింది. ఇక తను చెప్పక్కర్లేదు, ఆమె తెలుసుకునే వస్తుంది, తిడితే తిడుతుంది, కొడితే కొడుతుంది. ఆ తేలికదనాన్ని గమనించుకుని తనమీద తనకే అసహ్యం వేసింది. పెళ్ళాం అడిగిన ఆఖరి పని వేరొకరు చేస్తే సంతోషించే మనిషిని ఏమనాలి? మళ్ళీ తల దించుకున్నాడు.

మధ్యాహ్నం దాటుతుండగా వీధి మలుపులో రిక్షా ఆగింది.

రాజేశ్వరమ్మ దిగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చంకలో మూట. ఉప్పల్‌లో బస్సు దిగి, రిక్షావాడితో బేరం కూడా ఆడకుండా ఎక్కిన మనిషి. మొహం చెమటతో మెరుస్తోంది. ఆ మొహంలో నవ్వు ఉంది.

ఆ నవ్వు చూడగానే దేవసహాయం బెంచీ మీంచి లేచాడు. కబురు ఏదో తప్పిందని ఆ క్షణంలోనే అతనికి అర్థమైంది. ఇంకెవరికీ కాలేదు.

మీరు అడగవచ్చు, ఇంటిముందు అంతమంది జనం కూర్చుని ఉంటే ఆమెకు మాత్రం తెలియదా అని. ఆమెకు తెలిసిన చావు వేరు. చావింటి ముందు కుండలో నిప్పు రాజేసి ఉంటుంది. కట్టెలు పడి ఉంటాయి. డప్పు మోగుతుంది. ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని, పోయినదాని గుణాలన్నీ ఎత్తి చెబుతూ వీధి చివరిదాకా వినిపించేలా ఏడుస్తారు. ఇక్కడ నిప్పు లేదు, డప్పు లేదు. పోయినవాళ్ళు మళ్ళీ లేస్తారన్న నిరీక్షణ మనకు ఉంది, గుండెలు బాదుకోకూడదని ప్రకాశరావుగారు పొద్దున్నే అందరికీ చెప్పి ఉంచారు. అందరూ శుభ్రమైన బట్టలు కట్టుకుని, పుస్తకాలు పట్టుకుని పాటలు పాడుతున్నారు. బుట్టల్లో పూలు ఉన్నాయి. క్రైస్తవుల ఇంట్లో పురుడు ఎలా చేస్తారో రాజేశ్వరమ్మ ఎన్నడూ చూడలేదు. ఇలా చేస్తారు కాబోలు అనుకుంది.

"అబ్బో, ఇంతమందొచ్చిన్రా నా బిడ్డ కోసం!" అంది, ఎవరితోనని కాకుండా.

నేరుగా అల్లుడి దగ్గరికి వచ్చి నిలబడింది. రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

"ఏమయ్యా, గట్ల సూసుడేనా? లోపటికి రమ్మనవా?"

"అత్తమ్మా..." అన్నాడు. ఆ పిలుపు కూడా అతనికి మొదటిసారే.

"ఆఁ, అత్తమ్మనే. అన్న మాటలు అన్న, నాకు యాదికి లేకగాదు. నీ గడప తొక్కనన్న. కడుపు పండిందన్నంక ఏ తల్లి ఆగుతదయ్యా?" ఆమె చెయ్యి చాచి అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "ఏందిది, కండ్లు గిట్లున్నయి? రాత్రంత నిద్ర లేదా? కన్నది గుడ గింత వాడిపోయి ఉండదు."

"అత్తమ్మా, జర కూసోండ్రి. ఒక మాట చెప్పాలె."

"కూసుంట గని, పిల్లను సూడనియ్యి ముందుగాల. మాటలకేంది, రాత్రి దాంక ఉంట. మంచిగ పది దినాలు ఉంట. నువ్వు పొమ్మన్న పోను."

ఇంతలో ప్రకాశరావుగారు లేచి వచ్చారు. చేతులు జోడించారు.

"రండమ్మా. ధైర్యంగా ఉండండి. తారామణి ఇప్పుడు విశ్రాంతిలో ఉంది. ఇక ఆమెకు ఏ బాధా లేదు."

"మీ నోట్ల చక్కెర వొయ్య సారూ," అంది రాజేశ్వరమ్మ. "నొప్పులు మస్తు పడ్డదా?"

"పడింది తల్లీ. అన్నీ తీరిపోయాయి."

"పోనీయుండ్రి. పడితె పడ్డది. పండనీయుండ్రి, నేనొచ్చిన్నని లేపకుండ్రి."

ప్రకాశరావుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. దేవసహాయం చెవి దగ్గరికి వంగి, "చూశావా నాయనా? అన్యురాలై ఉండి కూడా ఎంత నిబ్బరమో! మన వాళ్ళు నేర్చుకోవాలి," అన్నారు.

దేవసహాయం ఆయన మొహంలోకి చూశాడు. సార్, ఆమెకు తెలవదు అని చెప్పాలి. రెండే మాటలు. నోరు తెరిచాడు, అరచేత్తో మూసుకున్నాడు. ఆయన దాన్ని దుఃఖమనుకుని వీపు నిమిరి వెళ్ళి తన బెంచీ మీద కూర్చున్నారు.

*

రాజేశ్వరమ్మ మధ్య గది తలుపు తోయబోయింది. లోపలినుంచి మార్తమ్మ ఒళ్ళంతా అడ్డంపెట్టి బయటికి వచ్చి తలుపు మళ్ళీ దగ్గరికి లాగింది. ఆమె చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి.

"ఇప్పుడే రావద్దమ్మా. నీళ్ళు పోస్తున్నం."

"నీళ్ళా? ఇయ్యాల్నేనా? మీ దాంట్ల గట్లనా?" రాజేశ్వరమ్మ కొంచెం అనుమానంగా చూసింది. "సరే, పోస్తె పోసిన్రు. వేన్నీళ్ళే కదా? చల్లటి నీళ్ళయితె బాలింతకు వాతం జేస్తది."

మార్తమ్మ ఒక్కసారిగా తల తిప్పి దేవసహాయం వైపు చూసింది. ఈమెకు తెలవదా అని ఆ చూపు అడిగింది. అతను కళ్ళు దించుకున్నాడు. ఆ దించుకోవడమే జవాబు.

మార్తమ్మ పది పురుళ్ళు పోసిన మనిషి, ఎవరింట్లో చావైనా ముందు నిలబడే మనిషి. అయినా మొగుడు చెప్పని మాట నేనెట్ల చెప్పేది అనుకుంది.

"వేన్నీళ్ళే అమ్మా," అంది.

"మరి ఏడుస్తవేంది?"

"పొగ అమ్మా. పొయ్యి పొగ."

ఇక ఏం చేయాలో తోచక, పక్క గదిలో చేటలో పాతగుడ్డల మీద పడుకోబెట్టిన పిల్లను తెచ్చి రాజేశ్వరమ్మ చేతుల్లో పెట్టింది. ఆ పని ఎందుకు చేశానో నాకే తెలియదని తర్వాత చాలాకాలం చెప్పుకుంది. నాకైతే తెలుసు. చేతులు ఖాళీగా ఉన్న ఆ తల్లిని చూస్తూ నిలబడలేకపోయింది.

రాజేశ్వరమ్మ గోడవారగా చాప మీద కూర్చుంది. పిల్లను మోకాళ్ళ మధ్య పెట్టుకుని గుడ్డ విప్పి, కాళ్ళు చూసింది, వేళ్ళు చూసింది, చెవులు చూసింది.

"ముక్కు మాదే," అంది. "రంగు మీది. పోనియ్యి, ముక్కు ఉంటె సాలు." అని పకపకా నవ్వింది. మూట విప్పి పిల్ల కోసం తెచ్చిన పాతచీర ముక్కలు తీసింది. సంచిలోంచి బాలింతకు పెట్టే కాయం సీసా, ఎల్లిపాయ కారం డబ్బా, నువ్వుల నూనె, సాంబ్రాణి ఒక్కొక్కటే తీసి మార్తమ్మ ముందు పెట్టింది. "ఈ కాయం పొద్దుగాల, కడుపుల ఏం పడకముందే పెట్టాలె. నేనే పెడ్తలే. దానికి నేనైతెనే తింటది. చిన్నప్పుడు మందంటె పరుగు పెట్టేది."

బయట మళ్ళీ పాట అందుకున్నారు. అందరికీ వచ్చిన పాట, గొంతులు బాగా లేచాయి. పిల్ల ఉలిక్కిపడింది. రాజేశ్వరమ్మ పిల్లను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఓ అమ్మలార! మీ దేవుని పాట మంచిగనే ఉన్నది. జర మెల్లగ పాడుండ్రి. లోపట బాలింత పండుకున్నది."

పాట ఆగింది. అందరిదీ ఒకేసారి ఆగలేదు. ముందు వరసలో వాళ్ళు ఆపారు, వెనకవాళ్ళు ఆపారు. చెవులు సరిగ్గా వినపడని ఒక ముసలమ్మ మాత్రం కళ్ళు మూసుకుని ఒంటరిగా ఒక చరణం పాడుతూనే ఉంది. పక్కావిడ తట్టాక ఆపి, ఏమైందని అడిగింది. ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అక్కడున్న ప్రతి మనిషికీ తెలిసిపోయింది. ఆఖరికి ప్రకాశరావుగారికీ తెలిసింది. ఆయన చేతిలో పుస్తకం మూసి మళ్ళీ తెరిచారు. అందరూ దేవసహాయం వైపు చూశారు. చెప్పాల్సింది అతనేనని ఆ చూపులు. అందరూ చూస్తున్నారు గనకే అతనికి ఇంకా చేతకాలేదు.

నిజం చెప్పాలంటే అందుకు ఇంకో కారణం ఉంది, దాన్ని దాచి అతన్ని మంచివాణ్ణి చేయడం నాకిష్టం లేదు. రాజేశ్వరమ్మ పిల్లతో మాట్లాడుతోంది. మీ అమ్మ లేచినంక ఇద్దరికి కలిపి దిష్టి తీస్త అంటోంది. మీ అమ్మ గుడ గిట్లనే మూతి ముడిచేది అంటోంది. ఆ మాటలు వింటున్నంతసేపు తారామణి ఆ తలుపు వెనక నిజంగానే నిద్రపోతున్నట్టు అతనికీ అనిపించింది. ఇంకొంచెం సేపు ఇలా ఉండనీ, ఆ తర్వాత చెప్తాను అనుకున్నాడు. అంత తెలివితక్కువ ఆశ మనలో ఎవరికైనా కలుగుతుంది. దానికి అతను చెల్లించబోయేది మాత్రం ఎక్కువ.

*

వీధిలో బండి చప్పుడైంది. ఇద్దరు మనుషులు తోపుడుబండి తోసుకుంటూ వచ్చారు. బండిమీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ఆ ఇద్దరిలో ఒకడు, ఇంట్లో సంగతి తెలియనివాడు, గేటు దగ్గరి నుంచే కేక వేశాడు.

"పెట్టె వచ్చింది!"

"ఏం పెట్టె?" అంది రాజేశ్వరమ్మ. వెంటనే ఆమె మొహం విప్పారింది. "కొత్త పెట్టెనా? మంచి పని జేసినవయ్యా. రెండేండ్ల సంది ఇంట్ల పెట్టె గుడ లేకుండెనా? సీరెలన్ని ఏడ పెట్టుకున్నది నా బిడ్డ?"

ఆమె పిల్లను భుజాన వేసుకుని రెండు మెట్లు దిగింది. బండి దగ్గరికి వచ్చింది. గుడ్డ ఒక పక్క జారి కొత్త చెక్క కనబడుతోంది. ఆమె ఈ చివర చూసింది, ఆ చివర చూసింది.

"గింత పొడుగు పెట్టె ఎందుకయ్యా?" అని అడిగింది. ఈసారి గొంతు చిన్నగా ఉంది.

దేవసహాయం వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"తారామణి సచ్చిపోయింది అత్తమ్మా."

"దేవసహాయం..." అన్నారు వెనకనుంచి ప్రకాశరావుగారు. పాపం, అలవాటు. మందలించాలని కూడా కాదు.

అతను వెనక్కి తిరిగాడు. "సచ్చిపోయింది సార్. నా పెండ్లాం సచ్చిపోయింది. గిప్పుడన్న చెప్పనియ్యుండ్రి."

రాజేశ్వరమ్మ కేక పెట్టలేదు. పెడుతుందేమోనని ముందుకొచ్చిన ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"ఎప్పుడు?" అంది.

"తెల్లారంగ."

"నేను బస్సు ఎక్కకముందేనా?"

"అవ్ అత్తమ్మా."

ఆమె బెంచీల మీద జనాన్ని ఒక చివరినుంచి చూసుకుంటూ వచ్చింది. "వీళ్ళందరికి ఎరుకేనా?"

కొందరు తలలు దించుకున్నారు.

"నేను నవ్విన," అంది రాజేశ్వరమ్మ. "నా బిడ్డ పీనుగ లోపట ఉండంగ, ఇంతమంది ముంగట నేను నవ్విన. మెల్లగ పాడమంటె పాట ఆపిన్రు గని ఒక్కరు గుడ నోరు తెరవలే." అల్లుడి వైపు తిరిగింది. "వాళ్ళంటె పరాయోళ్ళు. నువ్వు? అత్తమ్మా అని పిలిస్తివి. నా చెయ్యి నీ గడ్డం మీద ఉండంగ గుడ చెప్పకపోతివి."

"చెప్దామనే అనుకున్న..."

"ఎప్పుడు? మట్టేసినంకనా?"

ప్రకాశరావుగారు ముందుకు వచ్చారు.

"తప్పు నాదమ్మా. ఫోను చేసింది నేను. కానీ స్పష్టంగానే చెప్పాను, ప్రభువునందు నిద్రించిందని."

"గా మాటకు అర్థం గదేనా?"

"అదేనమ్మా."

"నిద్ర అంటె నిద్రనే అనుకున్న సారూ," అంది రాజేశ్వరమ్మ. "మా దిక్కు నిద్రపోయినోళ్ళు లేస్తరు."

మా దగ్గర కూడా లేస్తారమ్మా. ఆ జవాబు ప్రకాశరావుగారి దగ్గర ఉంది. ఆయన జీవితమంతా నమ్మింది, నలుగురికీ నేర్పింది ఆ ఒక్క సంగతే. ఎన్నో ఇళ్ళలో, ఎన్నో పెట్టెల పక్కన నిలబడి తొణక్కుండా చెప్పారు. ఇప్పుడు ఈ తల్లి మొహం చూస్తూ చెప్పలేకపోయారు. బెంచీ చివర పట్టుకుని కూర్చుండిపోయారు.

*

రాజేశ్వరమ్మ పిల్లతోనే లోపలికి వెళ్ళింది. ఈసారి ఎవరూ అడ్డం నిలబడలేదు. కాసేపటికి లోపలినుంచి అరుపు వినిపించి దేవసహాయం పరుగెత్తాడు.

తారామణికి బట్టలు కట్టడం అయిపోయింది. అంచుకు సన్నటి జరీ ఉన్న తెల్లచీర, జడలో తెల్లపూలు. మంచం పక్కన రాజేశ్వరమ్మ నిలబడి ఉంది.

"మొగడు బతికుండంగ పొయ్యిన పునిస్త్రీ. దీనికి తెల్లచీర కడ్తరా? ముండమోసినదానికి కట్టినట్టు కడ్తరా? పసుపేది? బొట్టేది?"

"పెండ్లిచీర అత్తమ్మా," అన్నాడు దేవసహాయం. "మా దాంట్ల పెండ్లికి తెల్లచీరనే. పోతె దాన్నే కట్టుమని ఎప్పుడో అన్నది."

ఆమె చీర కొంగు పట్టుకుని చాలాసేపు చూసింది. వేళ్ళతో కుట్టు తడిమింది. జీవితమంతా బట్టమీద బతికిన మనిషి.

"నాకెట్ల ఎరుకుంటది?" అంది. "పెండ్లికి నేను రాలేదుగద."

అప్పుడు ఏడ్చింది. డప్పులేని, నిప్పులేని ఆ ఇంట్లో, అందరూ పొద్దుటినుంచీ అణుచుకున్న ఏడుపంతా ఆమె ఒక్కతే ఏడ్చింది. బయట ఆడవాళ్ళలో ఒకావిడ అందుకుంది, ఇంకొకావిడ అందుకుంది. వద్దని చెప్పడానికి ప్రకాశరావుగారు లేవలేదు. దేవసహాయం గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. దగ్గరికి వెళ్ళి ఆమెను పట్టుకోవాలని ఉంది. పట్టుకునే హక్కు పోగొట్టుకున్నానని తెలుసు.

కళ్ళు తుడుచుకున్నాక ఆమె అతన్ని దగ్గరికి పిలిచింది. గొంతు చల్లబడింది.

"ఒక్కటడుగుత, చెప్పు. పాలు లేక, దిక్కు లేక, రేపు గీ పిల్లకేమన్నయితె గప్పుడు గుడ నిద్రపోయిందనే ఫోన్ చేస్తరా నాకు?"

"అత్తమ్మా, గట్లనకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

"కాళ్ళెందుకు. నోరుంటె సాలుండె."

తను తెచ్చిన పాతచీర ముక్కలో పిల్లను మెడదాకా చుట్టి, పెరటి గుమ్మంలో వెళ్ళి కూర్చుంది.

పెట్టె లోపలికి తెచ్చారు. తారామణిని అందులో పడుకోబెట్టారు. ప్రార్థన జరిగింది, ఆఖరి చూపు కోసం ఒక్కొక్కరే వచ్చి పూలు ఉంచి వెళ్ళారు. మూత వేసే ముందు మార్తమ్మ పెరట్లోకి వెళ్ళి పిలిచింది.

"సూసిన. సాలు," అంది రాజేశ్వరమ్మ. "మేకులు కొట్టేది నేను సూడలేను. మీరు గానీయుండ్రి."

అది అందరికీ న్యాయంగానే తోచింది. హిందువుల్లో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు కదా, ఈమె ఇంట్లోనే ఉంటుంది, పిల్లను చూసుకుంటుంది అనుకున్నారు. మార్తమ్మకు కూడా మనసు కుదుటపడింది. పిల్ల కోసం ఎవరిని ఇంట్లో ఉంచాలా అని పొద్దుటినుంచి ఆలోచిస్తూ ఉంది. ఇల్లంతా ఆమెకు వదిలేసి ఆడా మగా అందరూ పెట్టె వెంట కదిలారు.

ముందు కుడిమూల దేవసహాయం పట్టాడు. అతని వెనక ఫ్యాక్టరీ స్నేహితులు, ఎడమవైపు సంఘం కుర్రవాళ్ళు. వీధి దాటారు. ఎండ వాలింది. ఫ్యాక్టరీ గోడ పక్కగా నడుస్తూ పెద్దరోడ్డు దగ్గరికి వచ్చేసరికి అతను తలెత్తాడు.

సందు అవతలి చివర నుంచి ఒక రిక్షా రోడ్డెక్కుతోంది. ఎండకు అడ్డంగా ఒక చెయ్యి గుడ్డ పట్టుకుని ఉంది. గుడ్డ కింద ఒడిలో పాతచీర ముక్క చుట్టిన చిన్న మూట. రిక్షావాడు నిలబడి తొక్కుతున్నాడు, ఎవరో తొందరపెడితేనే వాళ్ళు అలా తొక్కుతారు.

"మార్తక్కా!" అన్నాడు దేవసహాయం. పాట మధ్యలో అతని గొంతు వెనకదాకా పోలేదు. మళ్ళీ అరిచాడు. "మార్తక్కా, పిల్ల ఎవరి దగ్గరున్నది?"

ఎవరో వెనక్కి అందించారు. వెనకనుంచి జవాబు ముందుకు వచ్చింది.

"వాళ్ళ అమ్మమ్మ దగ్గర్నే ఉన్నదంట. ఫికర్ చెయ్యకు."

"ఆపుండ్రి," అన్నాడు. "జర ఆపుండ్రి."

"ఆపకూడదు నాయనా," అన్నారు పక్కనే నడుస్తున్న ప్రకాశరావుగారు మెల్లగా. ఏడుపు ఆపుకోలేక అంటున్నాడనుకున్నారు. "పాస్టరు అయ్యగారు సమాధుల తోటలో ఎదురుచూస్తున్నారు. కొంచెం దూరమే, నడువు."

రిక్షా ఉప్పల్ వైపు తిరిగింది. అక్కడి నుంచి అంబర్‌పేట బస్సు దొరుకుతుంది. అంబర్‌పేటలో ఆ తలుపు ఒకసారి మూసుకుంటే రెండేళ్ళు తెరుచుకోదని అతనికి తెలుసు. పరుగెత్తితే అందుతుంది. పెట్టె బరువంతా కుడిభుజం మీద ఉంది. వదిలితే తారామణి రోడ్డుమీద పడుతుంది.

సమాధుల తోట దారి రెండోవైపు. దేవసహాయం అటే తిరిగాడు.